తొమ్మిది సంధానకాల కారు

ఒక పెద్దమనిషి కారెక్కి కూర్చున్నాడు. డ్రైవరు తాళం తిప్పేలోపే స్టీరింగు ఊడి అతని చేతిలోకి వచ్చింది. కారు ఇంకా కదల్లేదు కనుక ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దమనిషి మాత్రం కదిలిపోయాడు.

విచారణ జరిగింది. కారుతో వచ్చిన స్టీరింగు తీసేసి, సోకు కోసం బజారు స్టీరింగు బిగించారని తేలింది. కారు రాడ్డు కొసన ఉన్న పళ్లకీ, కొత్త చక్రానికి ఉన్న కన్నాలకీ పొంతన లేదు. మధ్యలో ఉండవలసిన అడాప్టరు బదులు ఎవడో రేకుముక్క చుట్టి సుత్తితో కొట్టాడు. మరొక చోటైతే ఆ సుత్తివాణ్ణి పిలిచి నాలుగు తిట్టి ఊరుకునేవారు. ఇక్కడ ఒక సంస్థను స్థాపించారు.

అలా గాజువాక ఆటోనగర్ చివర ‘చక్ర సంధాన ప్రామాణిక మండలి’ వెలిసింది. బజారు స్టీరింగు పెట్టుకున్న ఏ కారైనా మండలివారి అనుమతి బిళ్ల అద్దానికి అంటించుకుంటే తప్ప రోడ్డెక్కకూడదు. మండలికి ఒక ఆవరణ, ఆవరణలో ఒక జెండా కర్ర, ఒక షెడ్డు, ఆ షెడ్డులో భానోజీ అనే డిజైను ఇంజనీరు.

మండలి మొత్తానికి పని తెలిసి వచ్చినవాడు అతనొక్కడే. అది పొరపాటున జరిగింది. పాలిటెక్నిక్ చదివి, చాలా కాలం లేతు మిషన్ల దగ్గర చేతులు నల్లచేసుకున్న మనిషి. ఏ కారు రాడ్డుకైనా ఏ చక్రమైనా బిగిసేట్టు మధ్యనుండే ముక్కను గీయడం అతని ఉద్యోగం. ముక్కకు ఒక వైపు రాడ్డు పళ్లు అందాలి, రెండోవైపు చక్రం కన్నాలు అందాలి, బిగించాక ఎటూ వెంట్రుకవాసి ఆట, అంటే వదులు, ఉండకూడదు. ఊరంతా దాన్ని అడాప్టరు అంటుంది. మండలిలో ఆ మాట నిషేధం.

“సంధానకం అనండి,” అనేవారు డైరెక్టరు గరుడాచలంగారు. “పరాయి మాట మీద ప్రజాధనం ఎలా ఖర్చు పెడతామండీ?”

గరుడాచలంగారు ఇక్కడికి రాకముందు పశువుల ముక్కుతాళ్ల ప్రామాణీకరణ విభాగంలో ఉండేవారు. ఎద్దుని తిప్పినా కారుని తిప్పినా మూలసూత్రం ఒకటేనని పైవాళ్లు ఆయన్ని ఇక్కడ కూర్చోబెట్టారు. ఆయనకు కారు నడపడం రాదు. కారులో ఎప్పుడూ వెనక సీట్లో కుడివైపు, అంటే సరిగ్గా డ్రైవరు వీపు వెనకాలే కూర్చుంటారు. ఎడమవైపు తన జాతకానికి అచ్చిరాదని సిద్ధాంతిగారు చెప్పారట. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు దేశానికి పనికొస్తుంది.

ఇక సూరప్పడి సంగతి. సూరప్పడు భానోజీకి మేనమామ. భానోజీ చిన్నతనంలోనే తండ్రి పోతే చెల్లెల్నీ మేనల్లుణ్ణీ తన ఇంటికి తెచ్చుకుని, టాక్సీ తోలి ఆ కుర్రాణ్ణి చదివించాడు. అటువంటి సూరప్పడికి ఈ ఏడు కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఈ కాలం స్టీరింగు తిప్పడానికి బలం అక్కర్లేదు గానీ, పెద్ద చక్రం మీదికి చెయ్యి లేవాలి కదా. చిన్న చక్రం, దాని మీద పట్టుకోవడానికి ఒక గుండీ ఉంటే ఒడిలో చెయ్యి పెట్టుకునే బండి తిప్పుకోవచ్చని ఎవరో చెప్పారు. పాతసామాన్ల బజారులో అటువంటి చక్రం ఒకటి దొరికింది. ఇక కావలసింది మధ్యన ముక్క. అది చేసే అల్లుడు ఇంట్లోనే ఉన్నాడు. పెళ్లి, పీటలు, పురోహితుడు అన్నీ కుదిరినట్టే అనుకున్నాడు పాపం.

సూరప్పడికి ఒకటే బెంగ. వాళ్ల టాక్సీ స్టాండులో దసరా నాడు బళ్లన్నీ కడిగి, బంతిపూల దండలు వేసి, వరసగా నిలబెట్టి గుమ్మడికాయలు కొడతారు. ఆ వేళ నిలబడిన వరసే ఏడాది పొడుగునా బేరాల వంతు. పూజకు రాని బండికి వరసలో చోటు ఉండదు. తండ్రి పోయినా, పెళ్లాం పురిటిలో ఉన్నా, సూరప్పడి బండి ఏ దసరాకీ వరస తప్పలేదు.

“పండక్కి బండి నిలబెట్టీగలనా అల్లుడూ?” అని అడిగాడు.

“పండగ దాకా ఎందుకు మావయ్యా? వినాయక చవితికే తోలీసుకుందువు గాని,” అన్నాడు భానోజీ.

అన్నంత పనీ చేశాడు. ముక్క గీశాడు, స్వయంగా కోశాడు, మండలి షెడ్డులోనే మావయ్య కారుకి బిగించాడు. సూరప్పడు చిన్న చక్రం గుండీ పట్టుకుని ఆవరణలో జెండా కర్ర చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చాడు. దిగి, మేనల్లుడి వీపు మీద ఎడంచేత్తో ఒక్కటి చరిచాడు. ఆ చరుపులో ఉన్న మెప్పు భానోజీకి ఏ సర్టిఫికెట్టులోనూ దొరకలేదు.

ఇక బిళ్ల ఒక్కటే మిగిలింది. భానోజీ ఆ ముక్కను ఊడదీసి, తుడిచి, డైరెక్టరుగారి బల్ల మీద పెట్టాడు.

గరుడాచలంగారు దాన్ని అరచేతిలో వేసుకుని తూచారు. “మంచి బరువుంది. శుభం,” అన్నారు. పైన ఫ్యాను గిర్రున తిరుగుతోంది, కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి. ముక్కను తీసి కాగితాల మీద పెట్టారు. కాగితాలు అణిగాయి. ఆ విధంగా మండలి తయారుచేసిన మొదటి సంధానకం ప్రభుత్వ సర్వీసులో చేరింది.

మర్నాడు సమావేశం పెట్టారు. మండలికి ఉన్న నియమం ఒక్కటే, దాన్ని గరుడాచలంగారే రాశారు, రాసిన రోజున అందరూ చప్పట్లు కొట్టారు, భానోజీ కూడా కొట్టాడు. “వేర్వేరు తయారీదారుల వస్తువులు రెండు ఎక్కడ కలిసినా, ఆ రెంటి మధ్య మండలివారి సంధానకము ఒకటి ఉండి తీరవలెను.” అంతే. చిన్నపిల్లలకి కూడా అర్థమవుతుంది.

న్యాయాధికారి ఇందుమతీదేవిగారు కళ్లజోడు సవరించుకుని లేచారు. “అధ్యక్షా, కారు ఒకరి తయారీ. చక్రం మరొకరి తయారీ. సంధానకం మన తయారీ. అవునా? అంటే కారూ సంధానకమూ వేర్వేరు తయారీదారుల వస్తువులే. ఆ రెంటి మధ్య సంధానకము ఏది? అటు సంధానకానికీ చక్రానికీ మధ్య ఏది? మన నియమాన్ని మనమే ఉల్లంఘిస్తే ప్రజలకు ఏమి సమాధానం చెబుతాం?”

గరుడాచలంగారు అందరికన్నా ముందు తేరుకుని, “ఇంతటి సూక్ష్మదృష్టి!” అన్నారు. “భానోజీగారూ, అటొకటి ఇటొకటి, మరి రెండు చేయండి.”

“చెయ్యొచ్చు సార్,” అన్నాడు భానోజీ. “కానీ అవీ మనవేగా. ఎన్ని పెట్టినా చివరికి ఒక పక్క కారు, రెండో పక్క చక్రం మిగులుతూనే ఉంటాయి. దీనికి అంతు ఉండదు.”

“మీరు మొదలుపెట్టకుండానే అంతు గురించి మాట్లాడుతున్నారు. అది ప్రభుత్వోద్యోగి లక్షణం కాదు,” అన్నారు డైరెక్టరుగారు. అందరూ నవ్వారు. భానోజీ కూడా నవ్వాడు, నెల జీతం తీసుకునేవాడు నవ్వవలసిన మేరకు.

మూడు సంధానకాలు అయ్యాయి. బిగించి చూస్తే ఇందుమతీదేవిగారి ప్రశ్న చెక్కుచెదరకుండా అలాగే ఉంది. ఐదు అయ్యాయి. ప్రశ్న ఇంకా ఆరోగ్యంగా ఉంది. ఒక్కొక్క సంధానకం జానెడుకి తక్కువ, బెత్తెడుకి ఎక్కువ ఉండేది. అంత పొడుగు ఎందుకంటే, దాని మీద మండలి పేరు, ముద్ర, డైరెక్టరుగారి పేరు డిగ్రీలతో సహా చెక్కాలని ఉత్తర్వు. డిగ్రీలు లేకపోతే రెండు వేళ్ల మందంతో సరిపోయేది.

దీనికి తోడు మరొకటి వచ్చిపడింది. ముక్కలన్నీ ఎటూ కదలకుండా బిగుసుకుని ఉండడం గరుడాచలంగారి కంటపడింది. ఆయనకి అది నచ్చలేదు.

“రెండు సంస్థలు మరీ ఇంత బిగుసుకుపోతే సత్సంబంధాలు ఎలా నిలుస్తాయి? ఇచ్చిపుచ్చుకోవడానికి కాస్త జాగా ఉండాలి. ప్రతి కూడలి దగ్గరా ‘సామరస్య అంతరం’ ఒకటి ఏర్పాటు చేయండి.”

“దాన్ని ఆట అంటారు సార్. స్టీరింగులో ఆట ఉంటే ప్రమాదం.”

“ఆట అంటే ప్రమాదమే. అందుకే సామరస్యం అంటున్నాను.”

వినాయక చవితి వెళ్లిపోయింది. సూరప్పడి కారు ‘నమూనా వాహనం’ అయి షెడ్డులోనే ఉండిపోయింది. సూరప్పడు రోజూ బస్సులో వచ్చి, కారు అద్దం గుడ్డతో తుడిచి, ముందు సీటు వైపు తొంగి చూసి వెళ్లేవాడు. ఐదు ముక్కలు పడేసరికి చక్రం డ్రైవరు డొక్కలోకి వచ్చింది. సీటు వెనక్కి జరిపారు. ఏడు పడేసరికి సీటు ఊడదీసి బయట పెట్టారు.

“నాను అడిగిందేటి, మీరు సేస్తుందేటి?” అన్నాడు సూరప్పడు, బయటపడి ఉన్న తన సీటు మీదనే కూర్చుని. “సెయ్యి లెగట్లేదురా, సిన్న సక్రం పెట్టండర్రా అంటే, మనిసి కూకునే జాగానే పీకీసినారు. పండగ దగ్గరకొచ్చీసింది.”

“అయిపోద్ది మావయ్యా. ఒక్క మీటింగు.”

“నువ్వింతకు మునుపు ఇలగ అబద్ధాలాడీవోడివి కాదురా అల్లుడూ,” అన్నాడు సూరప్పడు. కోపంగా అని ఉంటే భానోజీ తట్టుకునేవాడు. జాలిగా అన్నాడు.

ఆ ఒక్క మీటింగులో గరుడాచలంగారు చరిత్రాత్మక నిర్ణయం తీసుకున్నారు. “అనంతం అనేది మతానికి బాగుంటుంది, బడ్జెట్టుకి పనికిరాదు. ఎక్కడో ఒకచోట ఆపాలి. తొమ్మిది దగ్గర ఆపుదాం. గ్రహాలు తొమ్మిది, ధాన్యాలు తొమ్మిది, రత్నాలు తొమ్మిది. తొమ్మిది దాటాక అడిగే న్యాయస్థానం ఈ దేశంలో లేదు.” ఇందుమతీదేవిగారు కూడా తల ఊపారు. శాస్త్రం అడ్డు వస్తే చట్టం ఏం చేస్తుంది?

సూర్య సంధానకం మొదలు కేతు సంధానకం దాకా తొమ్మిదీ బిగిశాయి. ఎర్రది, తెల్లది, పచ్చది, ఎవరి రంగు వారికి వేశారు. ఇప్పుడు స్టీరింగు చక్రం ముందు భాగమంతా దాటుకుని, వెనక సీట్లో కుడివైపు కూర్చున్నవాడి ఒడిలోకి వచ్చి ఆగింది.

అక్కడ కూర్చునేది ఎవరో మీకు తెలుసు.

దీని మీద పెద్ద చర్చే జరిగింది. చక్రం అక్కడుంది కనుక డ్రైవరును అక్కడ కూర్చోబెట్టాలని భానోజీ అన్నాడు. “అధికారి స్థానంలో డ్రైవరా?” అని సభ నివ్వెరపోయింది. అధికారి ముందుకెళ్లి కూర్చోవచ్చు కదా అంటే, అది డ్రైవరు స్థానం, పైగా అక్కడ సీటు లేదు. చివరికి పని విభజన జరిగింది. దిశానిర్దేశం అధికారిది. వేగం, బ్రేకు మొదలైన క్షేత్రస్థాయి పనులు డ్రైవరువి. డ్రైవరు ముందు భాగంలో పీట వేసుకుని, సంధానకాల పక్కన ఒదిగి కూర్చుని, పైనుంచి వచ్చే మార్గదర్శకాల ప్రకారం కాళ్లు ఆడిస్తాడు. పాలన అంతా ఎలా నడుస్తోందో కారు కూడా అలాగే నడవాలని ఒక సభ్యుడు అన్నాడు. ఆయన్ని అందరూ మెచ్చుకున్నారు.

దసరాకి ముందురోజు ప్రదర్శన. రాజధాని నుంచి కార్యదర్శిగారు వచ్చి, ఆవరణ చివర షామియానా కింద తెల్లగుడ్డ పరిచిన బల్ల వెనకాల కొబ్బరిబొండంతో కూర్చున్నారు. కారు గేటు దగ్గర బయలుదేరి, జెండా కర్ర దగ్గర ఎడమకి తిరిగి, ఒక చుట్టు చుట్టి రావాలని కార్యక్రమం.

గరుడాచలంగారు జీవితంలో మొదటిసారి స్టీరింగు పట్టుకున్నారు. సూరప్పడు ముందు పీట మీద ముడుచుకుని కూర్చున్నాడు. అతని బండి కదా, మరొకణ్ణి కూర్చోనివ్వలేదు. భానోజీ పక్కన నడుస్తున్నాడు. కారు మెల్లగా కదిలింది.

జెండా కర్ర వచ్చింది. డైరెక్టరుగారు గుండీ పట్టుకుని చక్రాన్ని ఎడమకి తిప్పారు. తిరిగింది. ఇంకా తిప్పారు. ఇంకా తిరిగింది. కారు తిన్నగా పోతోంది. మొదటి కూడలిలో వెంట్రుకవాసి సామరస్యం, రెండో కూడలిలో వెంట్రుకవాసి సామరస్యం, అలా చివరిదాకా పోగై, చక్రానికీ రాడ్డుకీ మధ్య అఖండమైన సామరస్యం ఏర్పడింది. ఇక్కడ ఎంత తిప్పినా అక్కడికి కబురు అందడం లేదు.

“ఆహా! ఎంత తేలిక!” అని గరుడాచలంగారు లోపలనుంచి కేక పెట్టారు. “చేతికి బరువే తెలియడం లేదు! భుజం నొప్పివాడికి ఇంతకన్నా ఏం కావాలండీ!” కుడికీ ఎడమకీ తిప్పుతూ, చిన్నపిల్లవాడిలా మురిసిపోతున్నారు. కారు షామియానా మీదికి పోతోంది. కుర్చీల్లో వాళ్లు లేచి పరుగు తీశారు. కార్యదర్శిగారు మాత్రం తనకు పూలదండ తెస్తున్నారనుకుని, లేచి, మెడ కాస్త ముందుకు వంచి నిలబడ్డారు.

భానోజీ కారు పక్కనే పరుగెత్తాడు. “మావయ్యా!” అని అరిచాడు.

సూరప్పడు బ్రేకు తొక్కాడు. కారు ముందు భాగం బల్లగుడ్డకి తగిలి ఆగింది. కొబ్బరిబొండం ఒలికింది.

గరుడాచలంగారు చెమట తుడుచుకుంటూ దిగి నమస్కారం చేశారు. “తమరు ఎక్కడున్నారో అక్కడికి నేరుగా వచ్చింది సార్. పక్కచూపులు లేవు.”

“డ్రైవరు కనబడడేం?” అన్నారు కార్యదర్శిగారు.

“డ్రైవరు ప్రమేయాన్ని బాగా తగ్గించాం సార్.”

కార్యదర్శిగారు సంతోషించి అక్కడికక్కడే బిళ్ల అంటించారు. ఫోటోలు తీశారు. సాయంత్రం ఊళ్లో డైరెక్టరుగారికి సన్మానం ఉందని అందరూ అటు వెళ్లిపోయారు. ఆవరణలో కారు, సూరప్పడు, భానోజీ మిగిలారు.

సూరప్పడు అద్దం మీది బిళ్లను వేలితో తడిమాడు. “మునుపు బండి తిరిగీది, బిళ్ల లేదు. ఇప్పుడు బిళ్లుంది, బండి తిరగదు,” అన్నాడు. “పోనీలేరా. నీ ఉజ్జోగానికి మాట రాకూడదు. తెల్లారి పూజకి నాను ఒక్కణ్ణే ఎల్లి నిలబడతాను. బండెక్కడ్రా సూరప్పా అంటే గవర్నమెంటోలు తీసుకున్నారని సెప్తాను, గొప్పగానే ఉంటాది,” అన్నాడు.

భానోజీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తనకి అన్నం పెట్టిన బండి అది. ప్రతి సమావేశంలోనూ చప్పట్లు కొట్టాడు, అడిగిన చోటల్లా నవ్వాడు, చెప్పవలసిన మాట ఒక్కసారి చెప్పి, రెండోసారి మింగేశాడు. ఇంకేమీ ఆలోచించకుండా తిన్నగా డైరెక్టరుగారి గదిలోకి నడిచాడు.

బల్ల మీద కాగితాల కట్ట, దాని పైన తన ముక్క. చవితికి ముందు నుంచీ అక్కడే ఉంది. రాడ్డుకీ చక్రానికీ మధ్య ఉండవలసినది, ఫ్యానుకీ కాగితాలకీ మధ్య కాపలా కాస్తోంది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. వేసుకోగానే కాగితాలు గదంతా లేచాయి. నియమావళి ఒక పక్క, సవరణలు ఒక పక్క ఎగిరాయి. భానోజీ వాటిని ఏరి, ఒక్కచోట పేర్చి, మోకాలితో అదిమిపెట్టి కాసేపు ఆలోచించి, ఫ్యాను ఆపాడు.

తరవాత షెడ్డులోంచి పనిముట్లు తెచ్చి తొమ్మిది సంధానకాలనీ ఊడదీశాడు. తన ముక్క బిగించి చూశాడు. చక్రం మునుపటిలాగే కిక్కురుమనకుండా నిలిచింది. ముందు సీటు దాని చోట దానికి పెట్టాడు. సూరప్పడు రెంచి అందిస్తూ, మధ్య మధ్య ముక్కు చీదుకుంటూ నిలబడ్డాడు. పని అయ్యాక ఇద్దరూ కలిసి ఆ తొమ్మిదింటినీ, ఎర్రది మొదలు చివరిదాకా, డైరెక్టరుగారి బల్ల మీదికి మోసి కాగితాల మీద వరసగా పేర్చారు.

దసరా నాడు సూరప్పడి బండి తన చోట తాను నిలబడింది. గుమ్మడికాయ అతనే ఎడంచేత్తో కొట్టాడు.

సెలవులయ్యాక గరుడాచలంగారు పిలిపించారు. భానోజీ ఉద్యోగం మీద ఆశ వదులుకునే లోపలికి వెళ్లాడు. డైరెక్టరుగారు బల్ల ముందు పరవశంగా నిలబడి ఉన్నారు. ఫ్యాను శరవేగంతో తిరుగుతోంది. ఒక్క కాగితమూ కదలడం లేదు.

“ఈ నమూనా సెట్టు ఇక్కడ పెట్టించింది మీరేనా?”

“నేనే సార్.”

“ఇన్నాళ్లూ ఒక ముక్కతో ఎంత అవస్థ పడ్డానండీ, మూలలు లేచిపోయేవి. ఇప్పుడు చూడండి. సంధానకం శక్తి ఏమిటో నాకు ఇవాళ తెలిసింది.” అంటూ కిటికీ వైపు చూసి, “అదిగో, మన నమూనా వాహనం కాదూ!” అన్నారు.

రోడ్డు మీద సూరప్పడి టాక్సీ వస్తోంది. వెనక ఎవరో దంపతులు, వాళ్ల సామాన్లు. మండలి గేటు ముందు గతుకును తప్పించి, ఎదురుగా వచ్చిన ఆవుకి దారిచ్చి, ఆటోనగర్ సందులోకి మెత్తగా మలుపు తిరిగి వెళ్లిపోయింది.

“ఆ మలుపు చూశారా? తొమ్మిది సంధానకాలంటే మాటలా!” అన్నారు గరుడాచలంగారు. అంతలో ఆయన నొసలు ముడిపడ్డాయి. “డ్రైవరు ముందు కూర్చున్నట్టున్నాడే?”

“వెనక పెద్దవాళ్లు ఉన్నారు కదండీ.”

“ఓహో. మర్యాద తెలిసినవాడు.” నొసలు విడిపోయాయి. ఆయన తొమ్మిది సంధానకాల మీదా చెయ్యి వేసి ప్రేమగా నిమిరారు. “భానోజీగారూ, నాకొక ఆలోచన వస్తోంది. తొమ్మిదితోనే ఇంత బాగుంటే, పదోది కలిపితే ఎలా ఉంటుందంటారు?”

భానోజీ ఒకసారి కిటికీలోంచి ఖాళీ సందు వైపు చూశాడు, ఒకసారి కింద చూశాడు.

“బల్ల చాలదండీ,” అన్నాడు.

గరుడాచలంగారు గంభీరంగా తల పంకించి, సంధానకాల కిందనుంచి అతి కష్టం మీద ఒక తెల్లకాగితం లాగారు.

“నిజమే. ముందు పెద్ద బల్లకి ప్రతిపాదన పెట్టండి.”